సున్నా మేడం గెలిచిన వాదన

మా పెద్దమ్మ వాతావరణ కేంద్రం వారి పరికరాల ప్రయోగశాలలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసింది. ఆమె పని థర్మామీటర్లను పరీక్షించడం. కొండల మీదా, ఓడరేవుల్లోనూ, ఎక్కడెక్కడి ఊళ్ళల్లోనూ గాలి వేడిని కొలిచే థర్మామీటర్లన్నీ రెండేళ్ళకోసారి దూది చుట్టుకుని, చెక్కపెట్టెల్లో పడుకుని ఆమె బల్ల దగ్గరికి వచ్చేవి. ఆమె మంచుగడ్డను పొడిగా కొట్టి, ఫ్లాస్కులో కూరి, అందులో ఒక్కొక్కదాన్నీ నిలబెట్టేది. మంచులో ఉన్నప్పుడు పాదరసం సరిగ్గా సున్నా దగ్గర ఆగాలి. ఆగకపోతే ఎంత తేడా వచ్చిందో భూతద్దంతో చూసి, చిన్న అట్టముక్క మీద రాసి, థర్మామీటరుతో పాటు వెనక్కి పంపేది. దాన్ని సవరణ కార్డు అంటారు. 'ఇది ఇంత ఎక్కువ చూపిస్తుంది, అంత తీసేసి రాసుకోండి' అని ఆ కార్డుకు అర్థం. ప్రయోగశాలలో అందరూ ఆమెను సున్నా మేడం అనేవారు, ఎదురుగానే. ఆమెకు ఆ పేరంటే లోపల్లోపల ఇష్టమే.

పెద్దమ్మ అంటే మా నాన్నగారి అన్న భార్య. మాది రెండంతస్తుల ఇల్లు. కింద పెదనాన్న, పెద్దమ్మ, నానమ్మ. పైన మేము. పెద్దమ్మ కోడలిగా ఆ ఇంటికి వచ్చిన నాలుగేళ్ళకు మా అమ్మ వచ్చింది. నాకు రెండేళ్ళు నిండాక అమ్మ మళ్ళీ చదువు మొదలుపెట్టింది, వాతావరణం మీద పరిశోధన. అది ఆరేళ్ళు సాగింది. ఆ ఆరేళ్ళూ నా తిండీ, నిద్రా, బడి సంచీ అన్నీ కిందే. నా జడలు వేసింది పెద్దమ్మ. నా మార్కుల కార్డు మీద సంతకం పెట్టింది పెద్దమ్మ. ఆమెకు పిల్లల్లేరు. నన్ను చూసుకోమని ఆమెను ఎవరూ అడగలేదు, చూసుకున్నందుకు ఎవరూ ఏమీ అనలేదు కూడా.

అమ్మకు డాక్టరేటు వచ్చింది, కాలేజీలో ఉద్యోగం వచ్చింది. పేపర్లో వ్యాసాలు రాయడం, రేడియోలో మాట్లాడడం మొదలయింది. అమ్మ గొంతు రేడియోలో వస్తోందంటే చాలు, నానమ్మ వీధివైపు కిటికీ తలుపులు బార్లా తీసి శబ్దం పెంచేది. సరిగ్గా అప్పుడే పెద్దమ్మకు కుట్టాల్సిన బట్టలు గుర్తొచ్చేవి. కుట్టుమిషను టకటకమంటుంటే నానమ్మ చెవి రేడియోకు ఆనించుకుని వినేది.

"కాసేపు ఆపకూడదుటే?" అని పెదనాన్న ఒకసారి అడిగాడు.

"ఆపితే కుట్టు వంకరపోతుంది," అంది పెద్దమ్మ, తల ఎత్తకుండానే.

వీధిలో వాళ్ళు మెల్లగా మా ఇంటిని 'డాక్టరమ్మ గారి ఇల్లు' అనడం మొదలుపెట్టారు. పెద్దమ్మ పేరిట వచ్చిన పార్సిలు పట్టుకుని ఒకాయన గేటు దగ్గర నిలబడి, "డాక్టరమ్మ గారి ఇల్లు ఇదేనాండీ?" అని ఆమెనే అడిగాడట. ఆ రోజంతా ఆమె నోట్లో మెతుకు పెట్టుకోలేదని పెదనాన్న తర్వాత నాతో చెప్పాడు.

అయినా ఇద్దరికీ పైకి మాటా మంచీ బాగానే ఉండేది. అమ్మ 'అక్కా, మీరు' అనేది. పెద్దమ్మ 'అమ్మాయ్' అని పిలిచేది. అసలు సంగతి మొదలైంది అమ్మ ప్రయోగశాలకు వెళ్ళిన రోజున.

ముప్పై ఏళ్ళలో మా ప్రాంతం ఎంత వేడెక్కిందో లెక్కగట్టే పనిలో ఉంది అమ్మ. దానికి పాత కొలతలు, వాటి సవరణలు కావాలి. డైరెక్టరు గారికి ఉత్తరం రాస్తే రమ్మన్నారు. అమ్మ వెళ్ళేసరికి ఆయన లేచి నిలబడి, కుర్చీ స్వయంగా జరిపి, టీ తెప్పించి, "మీ వ్యాసాలు మా ఇంట్లో అందరం చదువుతామండీ" అన్నారు. రిజిస్టర్లు పట్టుకు రమ్మని పెద్దమ్మకు కబురు పంపారు. పెద్దమ్మ పదకొండు రిజిస్టర్లు చేతుల నిండా మోసుకొచ్చి బల్ల మీద పెట్టింది. గదిలో మూడో కుర్చీ ఉంది. దాని మీద డైరెక్టరు గారి సంచీ ఉంది. ఆయన సంచీ తీయలేదు. అమ్మ రిజిస్టర్ల హడావుడిలో పడి అది చూడలేదు. పెద్దమ్మ అరగంట నిలబడే ఏ పుట ఎక్కడుందో చూపించి వెళ్ళిపోయింది.

"ముప్పై ఏళ్ళలో ఆ గదిలో నన్నెవరూ కూర్చోమనలేదే," అని పెద్దమ్మ నాతో అంది, ఇదంతా అయిపోయిన చాలా రోజులకు. "అది కాదు నా బాధ. నాకు ఆ సంగతి అప్పటిదాకా తెలియనే తెలియదు. మీ అమ్మ కూర్చున్నాక తెలిసింది."

అయిదు నెలలకు అమ్మ వ్యాసం పెద్ద పత్రికలో అచ్చయింది. అమ్మ ఒక ప్రతి కిందికి తెచ్చి పెద్దమ్మ చేతికే ముందు ఇచ్చింది. పెద్దమ్మ మొదటి పుట నుంచి చివరి పుట దాకా నిదానంగా చదివింది. చివర చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: 'పాత రికార్డులు అందించి సహకరించిన ప్రయోగశాల సిబ్బందికి ధన్యవాదాలు.'

"బావుంది అమ్మాయ్," అని పత్రిక మడిచి ఇచ్చేసింది. లోపలికి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది. సిబ్బంది! ఒకే గేటు తీసుకుని లోపలికి వచ్చే తోడికోడలు, అమ్మ కన్నబిడ్డను ఆరేళ్ళు చంక దించకుండా మోసిన మనిషి, సిబ్బంది.

ఆ నెలలోనే మా వీధి చివరి లైబ్రరీలో ప్రతి నెలా జరిగే చర్చ కోసం కాగితం అంటించారు. విషయం: 'భూమి వేడెక్కడానికి కారణం మనిషేనా?' అవునని వాదించేది మా అమ్మ. కాదని వాదించేందుకు మనిషి దొరకలేదు. డాక్టరమ్మతో ఎవరు పెట్టుకుంటారు? అందుకని లైబ్రేరియను ఆ కాగితం కింద 'వ్యతిరేకంగా మాట్లాడేవారు పేరు రాయగలరు' అని గీత గీసి పెట్టాడు. పెద్దమ్మ పని నుంచి వస్తూ ఆగి, చదివి, సంచీలోంచి పెన్ను తీసి ఆ గీత మీద తన పేరు రాసింది.

సాయంత్రం భోజనాల దగ్గర ఆ మాట బయటపడింది.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాడు పెదనాన్న. "ఇంట్లో మనుషులు ఇంట్లో మాట్లాడుకోలేక హాల్లో మైకులు పెట్టుకుని మాట్లాడుకుంటారుటే?"

"వాదనకి ఇల్లేమిటి, హాలేమిటి?" అంది పెద్దమ్మ.

అమ్మ మాత్రం సంతోషపడింది. నిజంగానే. "మంచిదే కదండీ బావగారూ. అక్కకంటే బాగా ఎవరు మాట్లాడగలరు పరికరాల గురించి?" అంది. ఆ మెచ్చుకోలుకు పెద్దమ్మ ఒళ్ళు మరింత మండింది.

చర్చ రోజున హాలు నిండిపోయింది. నేనప్పుడు డిగ్రీ రెండో ఏడు. మూడో వరసలో నానమ్మ పక్కన కూర్చున్నాను. ముందు అమ్మ మాట్లాడింది. అమ్మ మాట ఎప్పుడూ తేటగా ఉంటుంది.

"మనం కప్పుకున్న దుప్పటి మందమైతే ఏమవుతుంది? లోపల వెచ్చగా ఉంటుంది, దుప్పటి పైభాగం చల్లబడుతుంది. భూమి చుట్టూ జరుగుతున్నది అదే. కింది గాలి వేడెక్కుతుంటే, చాలా ఎత్తున ఉన్న గాలి చల్లబడుతోంది. సూర్యుడే కారణమైతే రెండూ వేడెక్కాలిగా? ఇక ఆ దుప్పటి ఎక్కడిదంటారా? గాల్లో పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఎక్కడి నుంచి వచ్చిందో అందులోని కార్బనే చెబుతుంది. లక్షల ఏళ్ళు భూమిలో పడున్న బొగ్గు, చమురు గుర్తు దాని మీద ఉంటుంది. వాటిని తవ్వి కాల్చింది ఎవరు? మనమే."

తర్వాత మా ప్రాంతపు ముప్పై ఏళ్ళ కొలతల గురించి చెప్పి, చప్పట్ల మధ్య కూర్చుంది.

పెద్దమ్మ లేచింది. కాగితం లేదు. బల్ల మీద ఫ్లాస్కు పెట్టింది, పక్కన రెండు థర్మామీటర్లు. "నాకు ఉపన్యాసం రాదు. నా పని చూపిస్తాను," అని ఫ్లాస్కు మూత తీసింది. అందులో మంచుపొడి. కొత్త థర్మామీటరును నిలబెట్టి, లైబ్రేరియన్ని పిలిచి చదవమంది.

"సున్నా," అన్నాడాయన భూతద్దంలోంచి చూసి.

"ఇది ముప్పై ఏళ్ళ నాటిది," అని రెండోది నిలబెట్టింది. పాదరసం కుదురుకునేదాకా ఆగింది. "ఇప్పుడు చదవండి."

"సున్నా... కాదు. పైనుంది. సున్నా పాయింట్ ఆరు."

హాల్లో గుసగుస మొదలయింది. పెద్దమ్మ గొంతు పెంచలేదు. "గాజు ముసలిదవుతుంది. కింద బుడ్డి ఏళ్ళు గడిచేకొద్దీ సన్నగా ముడుచుకుంటుంది. లోపలి పాదరసానికి చోటు చాలక పైకెక్కుతుంది. బయట గాలి మారకపోయినా సరే, థర్మామీటరు ఏటికేడు ఎక్కువ చూపిస్తూ పోతుంది. మరి వేడెక్కింది భూమా, గాజా?"

చప్పట్లు కప్పు ఎగిరిపోయేలా మోగాయి. అమ్మ లేచింది. "కానీ అక్కా, ఆ తేడాలకు సవరణలుంటాయి కదా..."

"నువ్వెప్పుడైనా చేశావా అమ్మాయ్, ఆ సవరణ? నీ చేత్తో?"

"లేదు."

"చేస్తుంటే చూశావా?"

అమ్మ పెద్దమ్మ వైపు చూసింది. "లేదు," అంది. తిరిగి కూర్చుంది.

చేతులెత్తమన్నారు. పెద్దమ్మకు అరవై ఒకటి, అమ్మకు ముప్పై ఎనిమిది. ఆ అరవై ఒకటిలో నా చెయ్యి కూడా ఉంది. ఎందుకెత్తానంటే ఏం చెప్పను? మంచులో పాదరసం పైకెక్కడం చూసి నేనూ అందరిలాగే బోల్తా పడ్డాను. లేక, పెద్దమ్మ ఒక్కసారైనా గెలవాలని నాకూ ఉందేమో. చెయ్యి దించేటప్పుడు అమ్మ నన్ను చూసింది.

పెద్దమ్మకు నాలుగు రోజులు నేల మీద కాళ్ళు ఆనలేదు. కూరగాయల అంగడిలో జనం పలకరించారు. అయిదో రోజు పేపర్లో వార్త వచ్చింది: 'థర్మామీటర్లే తప్పు: ప్రయోగశాల ఉద్యోగిని వెల్లడి.' పేరు లేదు. అక్కడ కూడా లేదు. ముప్పై ఏళ్ళుగా ఈ ప్రాంతంలో రాసిన కొలతలేవీ నమ్మదగ్గవి కావని, భూమి వేడెక్కడమంతా కట్టుకథేనని ఆ వార్త సారాంశం.

ఆ మర్నాడు ప్రయోగశాలకు ఫోనొచ్చింది. ఎక్కడో కొండ మీది కేంద్రంలో రోజూ గాలి వేడి చూసి రాసే మనిషి. పెద్దమ్మ ఆయన్ను ఎప్పుడూ చూడలేదు. ఆయన పెట్టెలు మాత్రం వచ్చి వెళుతుండేవి.

"అమ్మా, నమస్కారం. నేను పదిహేడేళ్ళుగా మీ కార్డు ఎదురుగా పెట్టుకుని రాస్తున్నానమ్మా. మీరెంత తీసెయ్యమంటే అంత తీసేసి. వానైనా, జ్వరమైనా ఒక్క పూట మానలేదు. ఇప్పుడు ఇక్కడ అందరూ నవ్వుతున్నారు. అదంతా తప్పేనా అమ్మా?"

పెద్దమ్మ ఏం చెప్పిందని అడిగాను. "తర్వాత మాట్లాడతానని ఫోను పెట్టేశాను. నా బల్ల మీద ఆ రోజు పరీక్షించాల్సినవి పన్నెండున్నాయి. ఒక్కదాన్నీ ముట్టుకోలేకపోయాను."

అమ్మ ఆ వారమంతా చర్చ మాటెత్తలేదు. ఆదివారం పొద్దున మేడ మీద బట్టలు ఆరేస్తుంటే పెద్దమ్మ బకెట్టుతో వచ్చింది. నేను దుప్పట్లు పిండుతున్నాను. అమ్మ తీగ మీద చీర సర్దుతూ అడిగింది. "అక్కా, ఆ పాత థర్మామీటరు కార్డు మీద ఏం రాసుంది?"

పెద్దమ్మ బకెట్టు కింద పెట్టింది. "పాయింట్ ఆరు తీసెయ్యమని."

"రాసిందెవరు?"

"నేనే."

"ఆ పాయింట్ ఆరు తీసేశారో లేదో మీ రిజిస్టరుతోనే సరిచూశాను. అన్నీ తీసేసినవేనని తేల్చుకునే లెక్క వేశాను. అది మీకు తెలుసు."

"తెలుసు," అంది పెద్దమ్మ. "తెలిసే చేశాను."

"మరి ఎందుకక్కా?"

అప్పుడు పెద్దమ్మ గొంతు లేచింది. "సిబ్బంది అన్నావు నన్ను! పదకొండు రిజిస్టర్లు. ప్రతి అంకె నా రాత. ఆ రాత చూసి నువ్వు గుర్తుపట్టవా? నీ కూతురు పలక మీద అక్షరాలు దిద్దింది కూడా ఆ చేతిరాత మీదే కదా! ఆ గదిలో అరగంట నిలబడ్డాను, చూశావా నువ్వు? నా పేరు నీకు తెలియదా?"

అమ్మ చేతిలో తడి చీర అలాగే ఉండిపోయింది. నీళ్ళు పాదాల మీద కారుతున్నాయి. "నాకు తట్టలేదు అక్కా," అంది. "ఒట్టు. తట్టనే లేదు."

"అదే కదా," అంది పెద్దమ్మ. "కావాలని చేసుంటే తిట్టుకుని ఊరుకునేదాన్ని. తట్టకపోవడాన్ని ఏమని తిట్టను?"

అమ్మ ఏడ్చింది. పెద్దమ్మ ఏడవలేదు, ఓదార్చనూ లేదు. బట్టలన్నీ ఆరేసి, ఖాళీ బకెట్టుతో కిందికి దిగిపోయింది. ఆ మధ్యాహ్నం లైబ్రేరియన్ దగ్గరికి వెళ్ళి, వచ్చే నెల సభలో తనకు పది నిమిషాలు కావాలంది.

ఆ సభలో అసలు చర్చ బస్సుల వేళల గురించి. వచ్చింది ఇరవై రెండు మంది. పెద్దమ్మ ఈసారి ఫ్లాస్కు తేలేదు. పందొమ్మిది సవరణ కార్డులు తెచ్చి బల్ల మీద వరసగా పేర్చింది.

"మా బీరువాలో పాతబడి పక్కన పెట్టేసిన థర్మామీటర్లు పందొమ్మిది ఉన్నాయి. ఇవి వాటి కార్డులు. చూడండి. చాలావాటికి తేడా పాయింట్ ఒకటి, పాయింట్ రెండు. పోయిన నెల నేను మంచులో పెట్టింది వీటన్నిటిలోకీ అధ్వానమైనది. వెతికి మరీ తెచ్చాను. దాని కార్డు మాత్రం బీరువాలోనే వదిలేశాను."

వెనక నుంచి ఎవరో అడిగారు. "ఎందుకలా చేశారు మేడం?"

పెద్దమ్మ ఆ మనిషి వైపు తిరిగింది. "మా తోడికోడలి మీద కుళ్ళు," అంది.

హాలంతా గొల్లున నవ్వింది. అమ్మ నవ్వలేదు. పెద్దమ్మ కూడా నవ్వలేదు, నవ్వు ఆగేదాకా నిలబడింది.

"గాజు ముడుచుకోవడం నిజమే. అందుకే నాకు ఉద్యోగం ఇచ్చారు. రెండేళ్ళకోసారి ఆ తేడా కనిపెట్టి తీసెయ్యమంటాను. కొండ మీద ఒకాయన జ్వరం వచ్చినా లేచి, నేను చెప్పినంత తీసేసి రాస్తాడు. అలా తీసెయ్యాల్సిందంతా తీసేశాకే ఈమె లెక్క మొదలవుతుంది. తీసేశాక కూడా మిగిలింది దాదాపు డిగ్రీ. అది గాజు కాదు. గాలే. ఇక దానికి కారణం మనిషా కాదా అన్నది నా బల్ల మీద తేలేది కాదు. దానికి ఈమె ఆ రోజు దుప్పటి సంగతి చెప్పింది, బొగ్గు సంగతి చెప్పింది. నేను ఒక్కదానికీ బదులు చెప్పలేదు. మీరెవరూ అది గమనించలేదు. నా దగ్గర బదులు లేదు."

కార్డులు పోగుచేసుకుని దిగింది. చప్పట్లు ఏదో నాలుగైదు. ఒకాయన వచ్చి, "పోయిన నెలదే బావుంది మేడం, ఆ మంచూ అదీ," అన్నాడు. పేపరు వాళ్ళకు కూడా రాసి పంపింది. వాళ్ళు వెయ్యలేదు. 'థర్మామీటర్లే తప్పు' అన్న మాట మా వీధిలో ఇంకో రెండేళ్ళు బతికింది. ఎవరైనా అంటే పెద్దమ్మ ఆగి మొదటి నుంచి వివరించేది. అవతలివాళ్ళు సగంలో టైము చూసుకునేవారు. కొండ మీది ఆయనకు మాత్రం ఆ సభ మర్నాడే ఫోను చేసింది. "మీరు రాసిందంతా సరైనదేనండీ. తప్పు నాది," అని చెప్పిందట. ఆయన, "సరేనమ్మా, ఈ పూటది ఇంకా చూడలేదు, వెళ్ళొస్తాను," అని పెట్టేశాడట.

అమ్మ ఆ తర్వాత రాసిన వ్యాసం మీద రెండు పేర్లున్నాయి. అమ్మది ముందు, పెద్దమ్మది తర్వాత. పెద్దమ్మ దాన్ని చేతిలోకి తీసుకుని, "అక్షర క్రమం ప్రకారమైతే నాదే ముందుండాలి," అంది. అన్నది తమాషాకేననుకుని మా నాన్న నవ్వాడు. తమాషాకి కాదు. అమ్మకు తెలుసు, నాకు తెలుసు. అయినా అమ్మ మార్చలేదు. రాసింది తను కాబట్టి మార్చనంది. దాని మీద ఇద్దరూ మూడు రోజులు మాట్లాడుకోలేదు.

ఇప్పుడు పెద్దమ్మ రిటైరయింది. రేడియోలో అమ్మ గొంతు వస్తే కుట్టుమిషను తీయడం లేదు గాని, రేడియో దగ్గర కూర్చోవడం కూడా లేదు. వంటింట్లో నిలబడి వింటుంది. కాలేజీ వాళ్ళు అమ్మకు సన్మానం చేస్తే తలనొప్పి అని రాలేదు. కానీ అమ్మ ఏది రాసినా అచ్చుకు పంపేముందు కింద పెద్దమ్మకు ఇవ్వాల్సిందే. ఎర్ర పెన్సిలు పట్టుకుని ఆమె అంకె అంకెకూ అడ్డం పడుతుంది. మొన్న ఒక వ్యాసం పద్నాలుగు ఎర్ర గుర్తులతో పైకి వచ్చింది.

"కావాలనే చేస్తోంది అక్క," అని అమ్మ తల పట్టుకుంది.

నేను కూర్చుని ఒక్కొక్కటీ చూశాను. పదకొండు నిజంగానే తప్పులు. మూడు మాత్రం ఒట్టి అసూయ. పదకొండూ దిద్దుకుని, ఆ మూడింటి సంగతి తేల్చుకోవడానికి అమ్మ కాగితాలు పట్టుకుని కిందికి వెళ్ళింది. గంటసేపు ఇద్దరి గొంతులూ పైకి వినిపించాయి. తిరిగి వచ్చాక చూస్తే ఆ మూడింటిలో కూడా ఒకటి దిద్ది ఉంది.